ఓడ కంటికి ఆనని పడవ

2024 నవంబరు 21వ తేదీన అరేబియా సముద్రంలో, గోవాకు వాయవ్యంగా సుమారు 130 కిలోమీటర్ల దూరాన, 'మార్తోమా' అనే చేపల పడవా, మన భారత నౌకాదళానికి చెందిన ఒక జలాంతర్గామీ ఢీకొన్నాయి. పడవలో 13 మంది ఉన్నారు. వారిలో 11 మందిని కాపాడారు. మిగిలిన ఇద్దరి కోసం నౌకాదళం ఓడలనూ విమానాలనూ పంపి వెదికించింది గాని, వారు ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఈ వార్త విన్నవారెవరికైనా ఒక సందేహం కలగక మానదు. జలాంతర్గామి అంటే సామాన్యమైనది కాదు. దానిలో నీళ్ళలోని చప్పుళ్ళను పసిగట్టే యంత్రాలుంటాయి. పైకి వచ్చినప్పుడు దూరాన్ని చూపే రాడారు ఉంటుంది. వీటన్నిటి ముందు కూర్చుని చూడటానికి ప్రత్యేకంగా చదువుకున్న మనుషులుంటారు. పడవ సంగతి చూస్తే, అది ఎవరికీ కనబడకుండా దాక్కోవాలని బయలుదేరినది కాదు. పోనీ చోటు ఇరుకా అంటే, సముద్రమంత విశాలమైనది భూమి మీద మరొకటి లేదు. అటువంటప్పుడు ఈ రెండూ వచ్చి వచ్చి ఒకేచోట ఎందుకు కలుసుకోవాలి?

బాలలారా, నేను జనగామలో ఉండి ఈ సంగతి రాస్తున్నాను. మాకు సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. మహబూబాబాదు పిల్లలకు బయ్యారం చెరువూ, భూపాలపల్లి పిల్లలకు గణపురం చెరువూ, కాళేశ్వరం దగ్గర గోదావరీ తెలుసు. వాటి మీద తెప్పలు తిరుగుతాయి గాని యుద్ధనౌకలు తిరగవు. అయినా ఈ సందేహం తీరటానికి మనం సముద్రం దాకా పోనక్కరలేదు. దీనికి సగం జవాబు భూపాలపల్లి బొగ్గు గనిలోనే ఉంది.

అక్కడ నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గనులున్నాయి. మట్టినీ బొగ్గునూ మోసే డంపర్లు వాటిలో తిరుగుతుంటాయి. డంపరు చక్రమే మనిషి కంటె ఎత్తు. దాన్ని నడిపేవాడు మేడ మీద కూర్చున్నట్లు కూర్చుంటాడు. దూరంగా ఉన్నవన్నీ అతనికి చక్కగా కనబడతాయి, కాని సరిగ్గా తన ముక్కు కింద ఉన్న జీపు కనబడదు! అందుచేత అటువంటి గనుల్లో తిరిగే జీపులకు పొడుగాటి గడ కట్టి, దాని కొనకు జెండా పెడతారు. జీపు కనబడకపోయినా జెండా కనబడుతుంది. ఎత్తున కూర్చున్నవాడికి దూరం బాగా తెలుస్తుంది, దగ్గర తెలియదు. ఓడ విషయమూ ఇంతే. దాని ముక్కుకు అతి దగ్గరగా వచ్చిన పడవను, పైన నిలబడిన నావికుడు చూడలేడు. కాబట్టి దూరాన ఉన్నప్పుడే చూడాలి.

మరి దూరాన ఉన్నప్పుడు పడవ ఎంత కనబడుతుంది? లెక్క వేద్దాం. 10 మీటర్ల పొడుగున్న పడవ 5 కిలోమీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. ఒక మీటరు దూరంలో ఉంచిన 2 మిల్లీమీటర్ల ఆవగింజ మన కంటికి ఎంత కనబడుతుందో, ఆ పడవ అంతే కనబడుతుంది. ఆ ఆవగింజ కూడా కదలకుండా ఉండదు. అలల మధ్య ఒకసారి లేచి, ఒకసారి మునుగుతూ ఉంటుంది. నురగ తెల్లగా లేచిన చోటల్లా పడవలాగే ఉంటుంది.

ఇప్పుడు పడవలో కూర్చుని చూద్దాం. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, ఎంత ఎత్తునుంచి చూస్తే అంత దూరం కనబడుతుంది. మన కన్ను నీటికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి, 3.57 తో హెచ్చవేస్తే, ఎన్ని కిలోమీటర్ల దూరం వరకు నీటి ఉపరితలం కనబడుతుందో తెలుస్తుంది. పడవలో కూర్చున్న జాలరి కన్ను నీటికి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే, అతనికి కనబడేది 4.4 కిలోమీటర్లే. ఓడ మీద 16 మీటర్ల ఎత్తున నిలబడ్డవాడికి 14 కిలోమీటర్ల పైచిలుకు కనబడుతుంది. ఓడ స్తంభాలు ఎత్తుగా ఉంటాయి కనుక వాటి కొనలు జాలరికి ఇంకా ముందే కనబడవచ్చు. అయితే వల లాగేవాడి చూపు వల మీద ఉంటుంది గాని దిక్కుల మీద ఉండదు గదా! అతను తలెత్తేటప్పటికి ఓడ 4 కిలోమీటర్ల దూరానికి వచ్చిందనుకుందాం. ఓడల వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 20 నాట్ల వేగంతో వచ్చే ఓడ నిమిషానికి 600 మీటర్లకు పైగా వస్తుంది. జాలరికి మిగిలినది ఆరేడు నిమిషాలు. పెద్ద వల నీళ్ళలో ఉండగా ఆ కొద్ది వ్యవధిలో దాన్ని పైకి లాగి, పడవ తిప్పుకుని పక్కకు పోవటం మాటలు కాదు. వల తెంపుకుని పోవచ్చు. కాని ఆ వల ఖరీదు తెలిసినవాడికి కత్తి చేతికి అంత త్వరగా రాదు.

"ఓడనే ఆపితే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. మహబూబాబాదు స్టేషనులో ఆగకుండా పోయే రైళ్ళను చూశారా? డ్రైవరు బ్రేకు వేసినా అది కిలోమీటరు దూరం దాకా ఈడ్చుకుపోగలదు. రైలుకు పట్టాలున్నాయి, బ్రేకులున్నాయి. నీళ్ళ మీద తేలే ఓడకు బ్రేకులే లేవు. వెనక ఉన్న పంకాను వ్యతిరేక దిశలో తిప్పటమొకటే సాధనం. కొన్ని వేల టన్నుల ఇనుము వేగంగా పోతూ ఉండి, పంకా తిరగబడగానే ఆగిపోదు. వందల మీటర్లు ముందుకు సాగి తరువాత నిలుస్తుంది.

ఇక రాడారు సంగతి. రాడారు రేడియో తరంగాలను పంపుతుంది. అవి దేనికైనా తగిలి వెనక్కి వస్తే, ఆ వచ్చినదాన్ని బట్టి ఫలానా దిక్కున, ఇంత దూరాన ఏదో ఉన్నదని తెర మీద చుక్క పెడుతుంది. ఇనుము ఆ తరంగాలను బాగా తిప్పికొడుతుంది. కర్ర, ఫైబరు అంత బాగా తిప్పికొట్టవు. చిన్న పడవలేమో కర్రతోనో, ఫైబరుతోనో చేసినవే. పైగా అలలు కూడా కొంత తిప్పికొడతాయి కనుక, సముద్రం పోటుమీద ఉన్నప్పుడు తెర నిండా చుక్కలే. వాటిలో పడవ చుక్క ఏదో, అల చుక్క ఏదో పోల్చుకోవటం కష్టం.

దీనికి ఒక చవకైన ఉపాయం ఉంది. మీ గదిలో రెండు గోడలూ నేలా కలిసే మూలకు ఒక బంతి విసరండి. అది మూడింటికీ తగిలి మళ్ళీ మీ వైపే వస్తుంది. రేకులను ఇలాగే మూలలు మూలలుగా అమర్చి పడవ స్తంభానికి కడితే, ఏ దిక్కునుంచి వచ్చిన రాడారు తరంగాన్నయినా అది వచ్చిన దిక్కుకే తిప్పికొడుతుంది. ఆవగింజ కాస్తా గుమ్మడికాయ అయినట్లు, చిన్న పడవ తెర మీద పెద్ద చుక్కగా కనబడుతుంది. గనిలో జీపుకు జెండా ఎట్లాగో, సముద్రంలో పడవకు ఇది అట్లా.

ఇంతవరకు చెప్పినది కనబడకపోవటం గురించి. ఇంతకంటె చిత్రమైనది, కనబడుతూ ఉండగానే మోసం చేసేది మరొకటి ఉంది. దాన్ని మీరు బడి ఆటస్థలంలోనే పరీక్షించి చూడవచ్చు. నేల మీద ముగ్గుతో రెండు గీతలు ఎల్ అక్షరంలాగా గీయండి. ఒక్కొక్క గీత చివర ఒక్కొక్కరు నిలబడి, ఇద్దరూ ఒకే వేగంతో ఆ మూలవైపు నడవండి. నడుస్తున్నంతసేపూ మీ వేలు రెండోవాడి వైపే చూపిస్తూ ఉండాలి. చెయ్యి ముందుకు జరుగుతూ ఉంటే అతను మీకంటె ముందు మూల దాటిపోతాడు. వెనక్కి జరుగుతూ ఉంటే మీరే ముందు దాటిపోతారు. చెయ్యి ఎటూ జరగకుండా ఉన్నచోటనే ఉండిపోయిందా, ఇద్దరూ మూల దగ్గర తలలు కొట్టుకుంటారు!

నావికులకు ఇది మొదటి పాఠం. ఎదుటి ఓడ ఉన్న దిక్కు దిక్సూచి ప్రకారం మారకుండా, దూరం మాత్రం తగ్గిపోతూ ఉంటే ఢీకొనే ప్రమాదమున్నదని అర్థం. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మన కంటికి కదిలే వస్తువే తొందరగా పట్టుబడుతుంది. ఢీకొనబోయే వస్తువేమో ఉన్నచోటనే అతికించినట్లు ఉండి, ఊరికే పెద్దదవుతూ ఉంటుంది. జనగామ మీదుగా పోయే వరంగల్ రహదారి మీద అడ్డదారిన వచ్చే మోటారు సైకిలు ఒక్కొక్కప్పుడు కారు అద్దం పక్కనున్న కమ్మీ వెనక దాగి, ఆఖరి క్షణం దాకా డ్రైవరుకు కనబడకుండా ఉండేది అందుకే. ఓడ గదికి కూడా కిటికీలున్నాయి, కిటికీలకు కమ్మీలున్నాయి. అందుచేత కాపలా ఉన్న నావికుడు ఒకేచోట నిలబడక, అటూ ఇటూ జరిగి చూడాలి.

సరే, చూశారు. ఇద్దరిలో ఎవరు తప్పుకోవాలి? పెద్దది వస్తే చిన్నది తప్పుకోవాలి గదా అంటారేమో. రోడ్డు మీద మనం అలాగే చేస్తాం, ప్రాణభయం చేత. సముద్ర న్యాయం అది కాదు. 1972లో అనేక దేశాలు కలిసి ఏర్పరచుకొని, 1977 నుంచి అమలులో పెట్టిన అంతర్జాతీయ నియమాలున్నాయి. వాటి ప్రకారం, వల వేసి చేపలు పడుతూ ఉన్న పడవకు యంత్రంతో నడిచే ఓడ తప్పుకు పోవాలి. ఆ ఓడ యుద్ధనౌక అయినా సరే! వల వేసిన పడవ కాళ్ళకు తాడు కట్టినవాడి వంటిది. అది చటుక్కున తిరగలేదు. తిరగగలిగినదే తిరగాలి. ఈ నియమం రాసినవారెవరో గాని, బలాన్ని చూడక వీలును చూశారు. నాకు ఇది ఎంతో నచ్చింది.

అయితే వల వేయకుండా ఊరికే ప్రయాణం చేసే పడవకు ఈ మినహాయింపు లేదు. అప్పుడు కుడి ఎడమల నియమం వర్తిస్తుంది. దారులు అడ్డంగా కలిసినప్పుడు, ఎవరికి కుడిచేతి వైపున అవతలివాడు ఉంటాడో వారే తప్పుకోవాలి. రాత్రివేళ ఇది తెలియటానికి మంచి ఏర్పాటు చేశారు. ప్రతి ఓడకూ ఎడమ వైపున ఎర్ర దీపం, కుడివైపున పచ్చదీపం ఉంటాయి. మీ కుడివైపునుంచి ఒక ఓడ మీకు అడ్డంగా వస్తున్నదనుకోండి. మీకు కనబడేది దాని ఎడమ పక్క, అనగా ఎర్రదీపం. అంటే మీరు ఆగాలి, లేదా తప్పుకోవాలి. అవతలివాడికి కనబడేది మీ కుడిపక్క, అనగా పచ్చదీపం. అతను తన దారిన పోవచ్చు. వలను ఈడుస్తూ పోయే మరపడవ తెల్లదీపానికి పైన పచ్చదీపం, వేరే విధంగా వల వేసినది తెల్లదీపానికి పైన ఎర్రదీపం పెడతాయి. నెత్తి మీది ఆ రెండు దీపాలు చూసి దాని పని ఏమిటో చీకట్లో కూడా చెప్పవచ్చు.

నియమం ఇంత స్పష్టంగా ఉన్నా, జరిగినదాన్ని తేల్చటం సులభం కాదు. 2008 ఫిబ్రవరి 19వ తేదీన తెల్లవారుజామున నాలుగు గంటలవేళ, జపాను దేశపు 'అతాగో' అనే యుద్ధనౌక హవాయి నుంచి స్వదేశానికి తిరిగి వస్తూ, 'సెయితోకు మారు' అనే చేపల పడవను ఢీకొన్నది. ఓడ 165 మీటర్లు. పడవ 12 మీటర్లు, బరువు 7 టన్నుల చిల్లర. పడవ రెండు ముక్కలయింది. దానిలో ఉన్న తండ్రీ కొడుకులిద్దరూ మళ్ళీ కనబడలేదు. చేపల పడవలు ఓడకు కుడివైపున ఉన్నాయి. ఓడ ఆఖరు నిమిషం దాకా తనంతట తాను నడిచే యంత్రం మీదనే నడిచింది. మరుసటి ఏడు సముద్ర ప్రమాదాల విచారణ సంఘం ప్రధానమైన తప్పు ఓడదేనన్నది. 2011లో న్యాయస్థానం, పడవే చివర దారి మార్చిందని భావించి, కాపలా ఉన్న అధికారులిద్దరినీ నిర్దోషులన్నది. 2013లో పై న్యాయస్థానం కూడా ఆ తీర్పునే నిలిపింది. పడవ వైపునుంచి చెప్పవలసిన ఇద్దరూ సముద్రంలో ఉండిపోయారు.

జలాంతర్గామి అయితే మరింత చిక్కు. అది నీళ్ళ కింద ఉన్నప్పుడు చూడదు, వింటుంది. నీళ్ళలో చప్పుడు బాగా దూరం పోతుంది. కాని పైనున్న వెచ్చని నీరూ, కిందనున్న చల్లని నీరూ కలిసే చోట ఆ చప్పుడు వంగిపోతుంది. యంత్రం ఆపి అలల మీద ఊగే పడవ చప్పుడే చేయదు. జలాంతర్గామికి సరిగ్గా వెనక ఉన్నది దాని సొంత పంకా రొదలో వినబడదు. అందుచేత పైకి వచ్చే ముందు పెరిస్కోపు అనే గొట్టాన్ని నీటిపైకి తీసి, నాలుగు దిక్కులూ నిదానంగా చూడాలి.

నిదానంగా చూడకపోతే ఏమవుతుందో 2001 ఫిబ్రవరి 9వ తేదీన తెలిసింది. అమెరికా జలాంతర్గామి 'గ్రీన్‌విల్' హవాయి దీవుల దగ్గర 16 మంది అతిథులను ఎక్కించుకుని, తన ప్రతాపం చూపిస్తున్నది. లోతునుంచి ఒక్కసారిగా నీటిపైకి ఉరకటం ఆ ప్రదర్శనలో భాగం. అదే చోట జపాను నుంచి వచ్చిన 'ఎహిమే మారు' అనే ఓడ ఉన్నది. అది ఉవజిమా పట్టణంలోని మత్స్య ఉన్నత పాఠశాలది. పిల్లలకు చేపలు పట్టటం నేర్పే ఓడ. మొత్తం 35 మందిలో 13 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు. జలాంతర్గామి కిందనుంచి లేచి, తన చుక్కానితో ఆ ఓడ అడుగును చీల్చివేసింది. కొద్ది నిమిషాలలో ఓడ మునిగింది. 26 మంది బతికారు. పోయిన తొమ్మిది మందిలో నలుగురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, ముగ్గురు ఓడ పనివారు. ఆ ఇద్దరు ఉపాధ్యాయులూ మళ్ళీ ఒడ్డుకు రాలేదన్న సంగతి, పిల్లలను విహారయాత్రలకు వెంటపెట్టుకు తిరిగిన నావంటివాడి మనసులోంచి పోదు.

విచారణలో తేలినదేమంటే, పెరిస్కోపుతో చూడటం తొందర తొందరగా ముగించారు. అంతేకాదు, దగ్గరలో ఏదో ఓడ ఉన్నదని లోపల ఒక నావికుడికి యంత్రం చూపుతూనే ఉన్నది. గది నిండా అతిథులు కిక్కిరిసి ఉండటం చేత అతను ఆ మాట అధికారికి చేర్చలేదు. యంత్రం చూసింది, మాట చేరలేదు. ఆ ఓడ సుమారు 600 మీటర్ల లోతున పడిపోయింది. అమెరికా నౌకాదళం ఎంతో శ్రమపడి దాన్ని లోతు తక్కువ చోటికి జరిపి, ఎనిమిది మంది దేహాలను తీయించింది. జలాంతర్గామి కెప్టెను 2002లో జపాను వెళ్ళి, చనిపోయినవారి కుటుంబాలకు క్షమాపణ చెప్పుకున్నాడు.

ఢీకొనకుండానే ముంచిన సంఘటన కూడా ఒకటున్నది. 1990 నవంబరు 22వ తేదీన స్కాట్లాండు తీరాన బ్రిటిషు జలాంతర్గామి 'ట్రెంచంట్' ఒక చేపల పడవ వలలో చిక్కుకుని, వలతో పాటు 'అంటారెస్' అనే ఆ పడవను నీళ్ళలోకి లాగేసింది. నలుగురూ చనిపోయారు. అక్కడ ఇప్పుడు జలాంతర్గాములు ఏ ప్రాంతాల్లో తిరగబోతున్నాయో జాలరులకు ముందుగా రేడియోలో చెబుతారు.

ఇక మన తెలుగు తీరానికి వద్దాం. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉంది. ఆ ఊళ్ళోనే పెద్ద చేపల రేవూ ఉంది. యుద్ధనౌకలూ జాలరుల మరపడవలూ తిరిగేది ఒకే సముద్రం మీద. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. గడువు తీరగానే రేవులోని పడవలన్నీ గుంపులు గుంపులుగా సముద్రం మీద పడతాయి. నౌకాదళం ఫిరంగి అభ్యాసాలు చేసేటప్పుడు, ఫలానా ప్రాంతానికి పోవద్దని ముందుగా ప్రకటిస్తారు. అది అవసరమే, కాని వేటకు పోని రోజున జాలరి ఇంట పొయ్యి మీద ఏమి ఎక్కుతుందో కూడా ఆలోచించవలసి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి ఎందరో వేటగాళ్ళు గుజరాతు దాకా పోయి, అక్కడి పడవల్లో కూలికి పనిచేస్తారు. కాబట్టి అరేబియా సముద్రంలో ఏ పడవకు ఏ ప్రమాదం జరిగినా, మన ఊళ్ళలో ఎవరో ఒకరు గుండె చేత్తో పట్టుకునే వార్త వింటారు.

నౌకాదళానికి చిన్న పడవ అడ్డమే గాని ఉపయోగం లేదనుకునేరు! 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ దగ్గర మునిగినప్పుడు, నీటి మీద తేలుతున్న శకలాలను ఏరి తెచ్చి నౌకాదళానికి చూపినవారు జాలరులే. 2008లో బొంబాయి మీద దాడికి వచ్చినవారు చేపల పడవనే పట్టుకుని దాని మీద వచ్చారు. అప్పటినుంచి, కొత్తవారెవరైనా కనబడితే చెప్పండని ప్రభుత్వం జాలరులనే అడుగుతున్నది.

ఇప్పుడు పడవలకు కొత్త పరికరాలు వస్తున్నాయి. మన అంతరిక్ష పరిశోధన సంస్థ తయారు చేసిన ఒక చిన్న పెట్టెను లక్ష పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలయింది. ఉపగ్రహం ద్వారా అది పడవ ఎక్కడ ఉన్నదో ఒడ్డుకు చెబుతుంది. తుపాను వస్తే ఒడ్డునుంచి పడవకు చెబుతుంది. పెద్ద ఓడలు తమ పేరూ, వేగమూ, దిక్కూ నిమిష నిమిషానికి చాటే మరొక పరికరాన్ని కూడా పెట్టుకుంటాయి. యుద్ధనౌకలు మాత్రం అవసరమయినప్పుడు దాన్ని ఆపివేస్తాయి. శత్రువుకు తెలియకూడదు గదా! కాని శత్రువుకు తెలియనప్పుడు జాలరికీ తెలియదు. అటువంటప్పుడు చూడవలసిన పని అంతా ఓడ మీదనే పడుతుంది.

మీరెప్పుడైనా విశాఖపట్నం వెళితే, సముద్రపు ఒడ్డున 'కుర్సురా' అనే జలాంతర్గామి ఉంటుంది. 2001లో సేవనుంచి విరమించిన దాన్ని ఇసుక మీదికి లాగి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. పొడుగు 91 మీటర్లు. లోపలికి పోయి ఆ ఇరుకు గదులన్నీ చూడండి. పెరిస్కోపు దగ్గర ఒక నిమిషం ఆగండి. తరువాత బయటికి వచ్చి, పైన ఆ గొట్టం ఎంత సన్నగా ఉన్నదో చూసి, ఎదురుగా సముద్రం మీద ఎన్ని పడవలున్నాయో లెక్కపెట్టండి.